ఆరు మేకులు, అబ్బా టేపు

ఆ రోజుల్లో నాకు రెండు ఉద్యోగాలుండేవి. ఒకటి రోజూ చేసేది, రెండోది ఇంట్లో చెప్పేది. చేసేదేమో జనగామలో ఒక ప్రైవేటు సర్వే ఆఫీసులో ప్రిజం కర్ర, అంటే కొసన అద్దం బిగించిన కొలత కర్ర, మోయడం. చెప్పేదేమో అదే ఆఫీసులో భూమి కొలిచే మిషను నడపడం. సివిల్ డిప్లొమా చేతికి రాగానే, ఇంటికి మూడు వీధుల అవతలే కొలువు దొరికిందని ఎగిరి గంతేసినదాన్ని, చేరిన మొదటిరోజే ఆరడుగుల కర్ర చేతిలో పెట్టి "గా మేకు మీద సీదా నిలబెట్టి పట్టుకో" అంటే ఏం చెప్పను? సాయంత్రం ఇంటికి వెళ్లగానే అబ్బా (మా నాన్న, ఇంట్లో మేం మాట్లాడేది దక్కనీ, మీకోసం తెలుగులో చెబుతున్నాను) ఏం పని ఇచ్చారని అడిగాడు. కర్ర అని చెప్పడానికి నోరు రాలేదు. మిషను చూసుకుంటున్నానన్నాను. అందులో పూర్తిగా అబద్ధం కూడా లేదు. రోజంతా మిషనునే చూస్తూ ఉండేదాన్ని, నూరు మీటర్ల దూరం నుంచి.

ఆ మాట అక్కడితో ఆగితే బాగుండేది. కానీ అబ్బాది బస్టాండు దగ్గర టైలరింగ్ దుకాణం. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి మనిషికీ, ఛాతీ చుట్టూ టేపు బిగించి మరీ నా గొప్ప చెప్పేవాడు. ఊపిరి బిగబట్టి నిలబడ్డ మనిషి మధ్యలో అడ్డు ప్రశ్న వేయలేడు కదా. అలా నెల తిరక్కుండానే ఊళ్లో సగంమంది మగవాళ్లకు, నేను లక్షల ఖరీదు చేసే మిషనును ఒంటిచేత్తో నడుపుతానని తెలిసిపోయింది. కుర్తా మీద వేసుకోవడానికి నాకు రెండు ఫుల్ హ్యాండ్ చొక్కాలు కూడా కుట్టిచ్చాడు, ఇంజనీరు ఎండలో నల్లబడకూడదని. వారానికోసారి వాటిని దుకాణానికి పట్టుకెళ్లి, గుండీలూ కుట్లూ సరిచూసి తెచ్చేవాడు. నేనదంతా ముద్దు కిందే జమకట్టి, మరో నాలుగు కోతలు కోసేదాన్ని.

మా ఆఫీసు యజమానిని మేం చాటుగా బుడగ సార్ అనుకునేవాళ్లం. మిషను సమంగా నిలబడిందో లేదో చెప్పడానికి దాని అడుగున గాజులో ఒక గాలిబుడగ ఉంటుంది. అది గుండ్రటి గీత నడిమికి వచ్చేదాకా సార్ ప్రపంచంలో దేన్నీ నమ్మడు. టీ గ్లాసు బల్లమీద పెట్టినా వంగి, టీ ఎటు వాలిందో చూసి గానీ తాగడు. ఎనిమిది నెలలు నా చేత కర్ర మోయించిన ఆ మనిషి, మార్చి నెలాఖరున ఒకరోజు ఉన్నట్టుండి పిలిచాడు. పెద్దవంగర దగ్గర ఒక మామిడితోటకు కంచె వేస్తారట, ముందు హద్దులు కొలవాలట. "రేపు మిషను నువ్వు పట్టు. చుట్టు కలిసిందా, మిషను నీది. కలవలేదా, ఇంకో ఏడాది కర్రనే" అన్నాడు.

చుట్టు కలవడమంటే ఏమిటో చెప్పాలి, లేకపోతే నా గుండె ఎందుకు దడదడలాడిందో మీకు తెలియదు. తోట చుట్టూ ఆరు కట్టె మేకులు నాటతాం. మొదటి మేకు మీద మిషను పెట్టి రెండోదాన్ని చూస్తాం, రెండోదాని మీద పెట్టి మూడోదాన్ని. కోణమూ దూరమూ మిషనే రాసుకుంటుంది. అలా తిరిగి తిరిగి ఆరో మేకు నుంచి మళ్లీ మొదటి మేకునే చూడాలి. బయలుదేరిన చోటుకే వచ్చామని లెక్క కూడా ఒప్పుకోవాలి. చొక్కా కాలరు రెండు కొసలూ గొంతు దగ్గర సరిగ్గా కలిసినట్టు కలవాలి. దీన్నే ట్రావర్స్ అంటారు. రెండు వేళ్ల మందం తేడా వస్తే సార్ మూతి ముడుస్తాడు. అంతకు మించితే మాట్లాడడు, బండెక్కి వెళ్లిపోతాడు.

ఇంట్లో ఎగురుకుంటూ చెప్పాను, రేపు పెద్దవంగరలో పెద్ద పని ఉందని. అబ్బా కత్తెర పక్కన పెట్టి, రేపు దుకాణం బందు కాబట్టి మధ్యాహ్నం బస్సుకు వచ్చి నా మిషను చూసి పోతానన్నాడు. నాకు ఒక్కసారి చెమటలు పట్టి, మళ్లీ అంతలోనే నవ్వొచ్చింది. ఎనిమిది నెలల అబద్ధం సరిగ్గా అబ్బా చూసే రోజుకే నిజం కాబోతోంది. ఇంత అదృష్టం ఎవరికైనా ఉంటుందా? ఉండదని మర్నాడు తెలిసింది.

పొద్దున ఆఫీసు బండి నన్నూ, పొడుగన్ననూ తోట దగ్గర దింపింది. (మానుకోట మనిషి. నాకంటే రెండేళ్ల ముందు చేరాడు. ఎత్తు వల్ల చెట్ల మధ్యలోంచి కూడా ఆయన కర్ర కనిపిస్తుందని, జీవితాంతం కర్రకే అంకితమైపోయాడు.) మేకులు ముందురోజే నాటి ఉన్నాయి. మొదటి మేకు తోట మూలన నడి ఎండలో ఉంది. దాని నెత్తిమీద చిన్న ఇనుప మొల. సరిగ్గా ఆ మొల మీదికి మిషను మధ్యభాగం రావాలి, బుడగా నడిమికి రావాలి. స్టాండు ఒక కాలు నొక్కితే బుడగ తూర్పుకు పరిగెత్తేది, ఇంకో కాలు నొక్కితే పడమరకు. బుడగ కుదిరిందనుకుంటే మొల తప్పిపోయేది, మొల దొరికిందనుకుంటే బుడగ అలిగేది. అరగంట దాని చుట్టూ ప్రదక్షిణలు చేశాను. కొంగు నెత్తిన వేసుకున్న ఒక అవ్వ ఇదంతా చూస్తూ కూర్చుంది. కోతులు రాకుండా వడిసెల పట్టుకుని తోటకు కాపలా ఉండే మనిషి. ఫోటోలు తీస్తున్నానా అని అడిగింది. కాదని చెప్పి, ఒకసారి అద్దంలోంచి చూడనిచ్చాను. అంత దూరంలో ఉన్న పొడుగన్న ముక్కు అంత దగ్గరగా కనిపించేసరికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. తర్వాత నా మొహం చూసి జాలిపడింది.

"గింత ఎండల ఎందుకు బిడ్డా మాడుతవ్? గా యాపచెట్టు కిందికి జరుగరాదు" అంది.

అప్పటికి బుడగ కుదిరింది, నాకు గర్వం తలకెక్కింది. ఇంజనీరు గొంతు పెట్టి, అవ్వకు తెలిసేలా శాస్త్రం బోధించాను. "నా ఇష్టం కాదవ్వా. గీ మేకు ఏడ ఉంటె నేను ఆడ నిలబడాలె. మేకు ఎటు పోతె నేను అటు." అవ్వ తల ఊపి మేకును ఒకసారి పరీక్షగా చూసింది. సర్వే చరిత్రలో నేను ఇచ్చిన మొదటి పాఠం అదే. అంత శ్రద్ధగా విన్న విద్యార్థి నాకు మళ్లీ దొరకలేదు.

ఇక అక్కణ్నుంచి గాల్లో తేలిపోయాను. రెండో మేకు దగ్గర మొదటి మేకును వెనక్కి తిరిగి చూసి, ముందుకు మూడోదాన్ని చూశాను. మూడో మేకు దగ్గరికి వెళ్లేసరికి బుడగ పది నిమిషాల్లో లొంగింది, నాలుగో దగ్గర ఐదు నిమిషాల్లోనే. పొడుగన్నకు చేతులు ఊపి ఆజ్ఞలిచ్చాను, అవసరం లేని చోట కూడా ఇచ్చాను. ఐదో మేకు దగ్గర ఉండగా అబ్బా వచ్చాడు. చేతిలో బగారన్నం డబ్బా, మెడలో టేపు. దుకాణం బందైనా టేపు తీయడం మర్చిపోయే మనిషి. డబ్బా ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చుని నావంక అలా చూస్తూ ఉండిపోయాడు. నేను మరలు అవసరానికి మించి తిప్పి చూపించాను. ఆరో మేకు నుంచి మొదటి మేకు వైపు చూసేసరికి, పొడుగన్న కర్ర పట్టుకుని చక్కగా నీడలో నిలబడి ఉన్నాడు. పొద్దు వాలింది కదా, నీడ అటు జరిగిందనుకున్నాను. చదువుకున్నదాన్ని కాబట్టి కారణం వెంటనే తట్టింది.

బటన్ నొక్కాను. చుట్టు కలవలేదు. తేడా నాలుగు మీటర్ల ముప్ఫై సెంటీమీటర్లు అని చూపించింది.

రెండు వేళ్ల మందం కాదు, ఒక ఎద్దుల బండి మందం. మళ్లీ చూశాను, మళ్లీ అదే. బుడగను తిట్టాను, స్టాండును తిట్టాను, పాలిటెక్నిక్‌లో నన్ను పాస్ చేసినవాళ్లను తిట్టాను. ఇంకో గంటలో సార్ వస్తాడు, అబ్బా ముందే కర్ర నా చేతికిస్తాడు, రేపటి నుంచి జనగామలో ఏ ఛాతీ కొలుస్తూ అబ్బా ఏం చెప్పుకుంటాడు? పొడుగన్న వచ్చి నా చెవిలో ఉపాయం చెప్పాడు. చిన్న తేడాను అందరం పంచుతాం కదా, గీ పెద్దదాన్ని కూడా ఆరు మేకులకు పంచి కాగితం మీద వండేద్దాం, తోటలో మామిడిచెట్లు వచ్చి సాక్ష్యం చెప్తాయా అని. (మా పనిలో దొంగ అంకెలు రాయడాన్ని వండడమే అంటారు.) నిజం చెబుతున్నాను, నాకు ఆ వంట వాసన బాగానే ఉంది. కానీ గట్టు మీద నుంచి అబ్బా చూస్తున్నాడు. ఆయన ముందు ఇంకో అబద్ధం ఆడటానికి చేతులు రాలేదు. వద్దన్నాను. అన్న తర్వాత మొహం దాచుకోవడానికి చోటు లేక మొదటి మేకు దగ్గరికి పోయి కూలబడ్డాను.

అబ్బా వచ్చి నా పక్కనే గొంతుక్కూర్చున్నాడు. మేకు చుట్టూ మట్టిని వేళ్లతో తడిమి చూశాడు, చిరిగిన బట్టను చూసినట్టు. తర్వాత లేచి, నేలమీద కళ్లు పెట్టి మెల్లగా నడుస్తూ ఎండలోకి పోయి ఆగాడు.

"బేటీ, గీడ కుట్టు ఇప్పి గాడ ఏసిన్రు. సూది తొర్ర ఇంక గిట్లనే ఉంది" అన్నాడు.

పరిగెత్తాను. ఎండుటాకుల కింద చతురస్రంగా ఒక గుంత, అచ్చం మేకంత. వేపచెట్టు మొదట్లో వడిసెల పక్కన పెట్టుకుని కునుకుతున్న అవ్వను లేపితే, తడబడకుండా చెప్పింది. "నేనే నాటిన బిడ్డా. మేకు ఎటు పోతె అటే పోవాల్నంటివి గదా. మళ్ల వస్తవు, ఎండల నిలబడి మాడుతవని నీడకు తెచ్చిన. రాయితోని మంచిగ గొట్టిన, కదలది" అంది. అన్నం పెట్టి, చాలా ఇంకొంచెం పెట్టనా అని అడిగే మనిషిలా నా మొహంలోకి చూసింది. కోపం వస్తుందేమోనని ఒక్క క్షణం ఆగి చూశాను. రాలేదు. నవ్వొచ్చింది. ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. పొడుగన్న కర్రకు ఆనుకుని నవ్వాడు. ఎందుకో తెలియకుండానే అవ్వ కూడా నవ్వింది.

బుడగ సార్ బండి దిగేసరికి మేం ముగ్గురం కళ్లు తుడుచుకుంటున్నాం. జరిగింది చెప్పాను. ఆయన నవ్వలేదు. గుంత దగ్గర వంగి చూశాడు, మేకు దగ్గర వంగి చూశాడు, అలవాటు కొద్దీ బుడగను కూడా చూశాడు. గుంతకూ మేకుకూ మధ్య ఎంతుందో కొలవమన్నాడు. మా ఇనుప టేపు బండిలో ఎక్కడో ఉంది. అబ్బా అప్పటికే మెడలోది తీసి, మోకాళ్ల మీద కూర్చుని నేలకు కొలత తీస్తున్నాడు. రెండు నిండు టేపులు, మూడో దాంట్లో నూట ముప్ఫై. నాలుగు మీటర్ల ముప్ఫై. మిషను చూపించింది సరిగ్గా అంతే.

సార్ వంగి ఆ టేపు మీది అంకెను తనే చదువుకున్నాడు. "మేకు జరిగిందంటె ఎంత జరిగిందో కూడ చెప్పినవు. తప్పు చేసినోళ్ల అంకె గిట్ల రాదు. పాత తొర్రల నాటి ఇంకోసారి చూడు" అన్నాడు. నాటి చూశాం. తేడా పన్నెండు మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. సార్ మిషను పెట్టె తాళంచెవి నా చేతిలో పెట్టి, అవ్వ ఇచ్చిన నీళ్లు తాగాడు, అదీ చెంబు ఎటూ వాలలేదని చూసుకున్నాకే. తర్వాత అందరం ఆ వేపచెట్టు కిందే బగారన్నం తిన్నాం. కంచె వేసేదాకా మేకు మీద ఈగ వాలనివ్వనని అవ్వ మాటిచ్చింది.

తిరుగు బస్సులో తాళంచెవిని గుప్పిట్లో బిగించి పట్టుకున్నాను. తొర్రూరు దాటాక ఇక దాచుకోలేకపోయాను. మిషను పట్టడం ఈ రోజే మొదలని, ఇన్నాళ్లూ మోసింది కర్రేనని చెప్పేశాను. అబ్బా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు.

"ఎరుకనే బేటీ. నీ చొక్కాల కుడి భుజం రెండుసార్లు కుట్టిన. మిషను నడిపేటోళ్లకు భుజం గట్ల అరగది."

మరి ఊరందరికీ ఎందుకు చెప్పావని అడిగాను.

"నేను కచ్చా కుట్టు ఏసి పెట్టిన. పక్కా కుట్టు నువ్వు ఏస్తవని" అన్నాడు.

ఇప్పుడు నేనుండేది భూపాలపల్లిలో. చెల్పూరు విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనిపించే ఇంట్లో నా సొంత మిషను ఉంది. మొదటి మేకు నాటే ముందు చుట్టుపక్కల జాలిగల అవ్వలెవరైనా ఉన్నారేమో చూసుకుంటాను. ఉంటే నీడలోనే నాటతాను, ఎందుకొచ్చిన గొడవ. వానాకాలంలో పని లేనప్పుడు పెట్టె తెరిచి మిషను తుడుస్తుంటే, మూతలో చుట్టిపెట్టిన అబ్బా పాత టేపు చేతికి తగులుతుంది. సగం అంకెలు అరిగిపోయాయి. అప్పుడు నూరు మీటర్ల దూరాన, భుజం అరిగిన చొక్కాతో కర్ర పట్టుకుని, తన గుట్టు ఎవరికీ తెలియదనుకుని నిటారుగా నిలబడ్డ ఒక పిల్ల కనిపిస్తుంది. పాపం, ఎంత సీదాగా నిలబడిందో.