సాంబన్న మూడు మేకల పరీక్ష

సిరోంచ ప్రాంతము నైజాము ఏలుబడి నుండి ఇంగ్లీషువారి ఏలుబడికి మారి పదేళ్లు కావచ్చిన కాలమది. బామ్ని గ్రామంలో సాంబన్న అనే సేద్యగాడు ఉండేవాడు. మనిషి అతి నిదానస్తుడు. విత్తనాలను తడిగుడ్డలో మొలకెత్తించి చూచిన పిమ్మటనే చేనికి తీసుకొనిపోయేవాడు.

ఒక వేసవిలో అతని ఎడ్లజతలో ఒకదానికి గజ్జి పట్టింది. మెడమీద వెంట్రుకలు రాలి, తోలు చెక్కులు కట్టి, కాడి మోపితే నెత్తురు వచ్చేది. తొలకరిలోగా మెడ మానకుంటే ఆ యేటికి దుక్కి లేదు. ఊరివారు రెండు మందులు చెప్పారు: కానుగనూనె, సీతాఫలపు గింజల ముద్ద. రెండవది తోలులోని పురుగును త్వరగా చంపుతుందట. నాకితే పశువునూ చంపుతుందట. ఎద్దుమీద అటువంటి సాహసానికి సాంబన్న మనసొప్పలేదు. తనకున్న మూడు మేకలకూ గజ్జి ఉండడంతో వాటిని దూరదూరంగా గుంజలకు కట్టాడు. ఎర్రదానికి కానుగనూనె, నల్లదానికి గింజల ముద్ద పూశాడు. బొల్లిదానికి ఏమీ పూయలేదు. ఎద్దును మాత్రం జబ్బు మరొకదానికి అంటకుండా చేనివద్దనే ఉంచాడు.

తల్లి రాజవ్వకు ఈ ఏర్పాటు మింగుడు పడలేదు.

“ఏంరా సాంబా, గా బొల్లిది నీకేం పాపం జేసింది? గుంజకు రాక్కొని రాక్కొని సస్తున్నది.”

“ఏం రాయకుంటె ఎట్లుంటదో సూడాలె అవ్వా. మందుతోని మానిందా, దానంతటదే మానిందా, గిట్ల కాకుంటె ఎట్ల తెలుస్తది?”

“మానితె సాలదా? తెలుసుకొని ఏం జేస్తవ్, దొరల దగ్గర కొలువు జేస్తవా?”

ఎర్రమేక తోలు మెత్తబడసాగింది. నల్లదాని చెక్కులు రాలసాగాయి. ఇక కొద్దికాలం ఓపికపడితే తేలిపోతుందని సంతోషించి, సాంబన్న నాగటి కర్రు చేయించుకొనుటకు సిరోంచకు వెళ్లాడు.

ఆనాడు పోచమ్మ పండుగ. ఇంటనున్న మేకలన్నింటికీ పసుపు, వేపాకు నూరి పూయడం ఆ ఇంటి ఆచారం. ఒకదానికి పూసి మరొకదానికి మానడం అమ్మవారికి అపచారం. రాజవ్వ పసుపు నూరింది. నూనె చాలలేదు. కొడుకు గిన్నెలలోని కానుగనూనెను, గింజల ముద్దను వృథా చేయనేలయని అందులోనే కలిపి, మేకలకు చెవులనుండి తోకలదాకా పట్టించి, తాళ్లు విప్పివేసింది. అవి ఒకదానినొకటి నాకుకొంటూ దొడ్డియంతా తిరిగాయి.

సాంబన్న తిరిగివచ్చేసరికి మూడు మేకలూ పచ్చగా ఎదురువచ్చాయి. మరునాడు నల్లమేక నురగలు కక్కి చచ్చింది. తక్కిన రెండూ క్రమంగా నున్నబడినాయి.

“రెండు మంచిగైనయి గదరా, ఇగ పరేషాన్ దేనికి?” అంది రాజవ్వ.

“దేనితోని మంచిగైనయి? దేనితోని సచ్చింది? జర నువ్వే చెప్పు!”

“మంచిగైనయి పోచమ్మ దయతోని. సచ్చింది దాని రాత.”

పొరుగు సేద్యగాడు నర్సన్న గోడమీదుగా తొంగిచూచాడు. “మిగిలిన ముద్ద ఎద్దుకు పూయరాదా, సాంబన్నా?”

“పూస్తె ఎద్దు బొల్లిదాని లెక్క బతుకుతదో, నల్లదాని లెక్క సస్తదో నువ్వు చెప్తవా?”

సాంబన్న ఆ మిశ్రమాన్ని గోతిలో పాతిపెట్టి, మరల కానుగగింజలు ఆడించాడు. తీరా చూస్తే పరీక్షించుటకు ఇంట జబ్బుమేక లేదు. నర్సన్న గడపే తొక్కవలసివచ్చింది.

“గజ్జిమేకను అడుక్కునేటోన్ని నిన్నే సూస్తున్న!” అని నర్సన్న పగలబడి నవ్వాడు. “తీస్కపో. మళ్ల తేకున్నా మంచిదే.”

కానుగనూనె ఒక్కటే దానికి పనిచేసింది. కాని మెల్లగా పనిచేసింది. అది మానిన తరువాతనే ఎద్దుకు పూశాడు. ఈలోగా తొలకరి వచ్చింది. ఎదుటి చేలలో నాగళ్లు తిరుగుతుంటే సాంబన్న గట్టుమీద కూర్చుండి ఎద్దు మెడ తడుముకొంటూ ఉండిపోయాడు. మెడ మానింది గాని, కాడి కట్టేనాటికి నర్సన్న వరి పచ్చబడింది. ఆ యేడు సాంబన్న పొలంలో సగం బీడుగా మిగిలింది.

తరువాత చుట్టుపట్ల పల్లెలవారు గజ్జికి మందడుగ వస్తే, కానుగనూనె పూయవలసిన తీరు అతడు ఓపికగా చెప్పేవాడు. సీతాఫలపు గింజ మంచిదా, చెడ్డదా అని అడిగితే మాత్రం ముఖం ముడుచుకొనేవాడు.

“అది మా అవ్వనడుగు,” అనేవాడు.