సొరపందిరి కింద స్పానిష్ పరీక్ష

మా కోడలు నాగశ్రీ స్పానిష్ నేర్చింది. నవ్వొస్తే నవ్వుకోండి, మైదుకూరు పక్కన మా పల్లెలో నవ్వనోళ్లు లేరు. బోరు ఎండిపోయి మా కొడుకు బెంగళూరుకు బేల్దారి పనికి పోయినాక, ఆ పిల్ల ఫోను ముందర కూచోని నేర్చింది. స్పెయిన్ వాళ్లు ఫోన్ చేస్తే ఇంట్లో నుంచే జవాబు చెప్పే ఉద్యోగమంట. అది వస్తే వాడు ఇంటికొస్తాడు. రాకుంటే ఇది కూడా మూట కట్టుకోని ఆడికే పోయి ఇటుకలు మోయాల. ఆఖరు పరీక్ష ఒక్కటే మిగిలింది.

దాని నోట్లో ఎప్పుడు చూసినా మూడు మాటలే. ఎస్తా, ఎసా, అకేయా. "మనకు ఇది, అది రెండే గదత్తా. వాళ్లకు మూడు. నా దగ్గరుంటే ఎస్తా, నీ దగ్గరుంటే ఎసా, మనిద్దరికీ దూరమైతే అకేయా" అనేది. చెంబూ చాటా దేన్నీ వదల్లే. కడాకు నాకే వచ్చేసినాయి, నా మొగం!

మా ఇంట్లో సిగ్నల్ వచ్చేది పెరట్లో సొరపందిరి కిందనే. అంట్లు తోమిన నీళ్లు పోసి బతికించుకుంటాండే తీగ అది. పరీక్ష పెట్టే మేడమ్ యాడో పట్నంలో ఉండి ఫోన్ వీడియోలో చూస్తాంటాది, తెలుగు వచ్చు. 'నీ దగ్గర' అని చూపేదానికి ఎదురుగా ఇంకో మనిషి నిలబడాల, నోరు మాత్రం మెదపకూడదు అనింది. సరేనని నేను నిలబడినా. అడిగినవన్నీ గడగడా చెప్పేసింది నా బంగారుతల్లి. ఆఖర్న మేడమ్, "ఆ పందిరి కాయల్నే వేలుతో చూపిస్తూ మూడు మాటలూ వాడమ్మా" అనింది.

ఆమెకు అవి కాయలు. మాకు పిందెలు. పిందెకు వేలు చూపితే కుళ్లి రాలిపోతుందని మా ఊళ్లో చంటిబిడ్డకు కూడా తెలుసు. చూపాల్సొస్తే వేలు మడిచి చూపుతాం. నాగశ్రీ అట్లే మడిచింది. ఏ కాయో తెలీడం లేదు, వేలు చాపు అనింది మేడమ్. ఎందుకు చాపదో చెబితే నవ్వుతుందని ఈ పిల్లకు భయం. నా మొగం చూసింది. చాపబోయి మళ్లా మడిచింది. కండ్ల నిండా నీళ్లు. మూడు మాటలూ నోట్లోనే ఉండాయి, వేలు మాత్రం లేయదు.

"చూపు పాపా! కుళ్లితే కుళ్లనీ, చూపు!" అని అరిచినా.

అంతే. నోరు మెదపొద్దని ముందే చెప్పినా కదా అని మేడమ్ పరీక్ష ఆపేసింది. నాగశ్రీ ఎంత మొత్తుకున్నా వినలే. మళ్లా అవకాశం లేదంట.

అది లోపలికి పోయి గుడ్డలు సర్దుకుంటాంటే, నేను పందిరి కింద నిలబడి ఒక్కో పిందెకూ వేలు చూపినా. "ఎస్తా! ఎసా! అకేయా! రాలండి, రాలి చావండి!" అని గొంతు పోయేదాకా ఏడ్చినా.

నాగశ్రీ బెంగళూరు బస్సెక్కింది. పిందెలు ఒక్కటీ రాల్లే, బలిసి కాయలైనాయి. ఒక్కటన్నా రాలింటే నాకు ఇంత మంట ఉండేది కాదు.