అడగకుండా తవ్విన ఇల్లు

ఈ ప్రయాణం గురించి రాద్దామని కూర్చున్న ప్రతిసారీ కోపం వచ్చి మానేశాను. ఇప్పుడు రాస్తున్నదీ చల్లారిన మనసుతో కాదు. మెటల్ డిటెక్టర్‌తో పాత ఇళ్ల స్థలాల్లో నాణేలు, ఇత్తడి సామాన్లు వెతికే సరదా ఈమధ్య మన వైపూ మొదలైంది. విజయనగరంలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే మూర్తిగారు అలాంటి యంత్రం ఒకటి తెప్పించారు. నేను కాలేజీలో చరిత్ర చెబుతాను. "పుస్తకాల్లో చదివింది చేత్తో పట్టుకుందురుగాని, రండి మాస్టారూ" అన్నారాయన. ఆ మాటకే పడిపోయాను.

2017 డిసెంబరులో ఒక ఆదివారం, ఉదయం ఆరున్నరకి విజయనగరంలో పాసింజరు ఎక్కాం. టికెట్టు ముప్ఫై రూపాయల లోపే. తొమ్మిది దాటాక నౌపడలో దిగి, స్టేషను బయట ఇడ్లీ తిని, సింహాచలం అనే ఆయన ఆటో మాట్లాడుకున్నాం. వెళ్లి, ఆగి, తిరిగి రావడానికి నాలుగు వందలు. ఉప్పుమడుల మధ్య నుంచి సముద్రం వైపు అరగంట దారి. ఆ పల్లె పేరు రాయను. రాస్తే ఇంకో నలుగురు యంత్రాలు పట్టుకొని బయలుదేరతారు.

అది జాలర్ల పాత వాడ. తుఫానుకి ఇళ్లు కూలిపోతే, కిలోమీటరు లోపలికి కట్టిన కాలనీకి అందరూ మారిపోయారు. మోకాలెత్తు మట్టిగోడలు, విరిగిన పెంకులు మిగిలాయి. "ఎవరిదీ కాని చోటు" అని మూర్తిగారు యంత్రం ఆన్ చేశారు. మొదటి గంటలో పది గోతులు తవ్వితే మేకులు, ఒక గొళ్లెం దొరికాయి. తర్వాత పొయ్యి ఉన్న చోట, గోడ మొదట్లో, యంత్రం గట్టిగా మోగింది. జానెడు లోతులో కంచు గిన్నె. అంచు మీద చుక్కలతో కొట్టిన అక్షరాలు. తడిగుడ్డతో తుడిచి చదివాను: లచ్చమ్మ. నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో సంతోషం పట్టలేక ఆ పేరు మూడుసార్లు పైకి చదివాను. మూర్తిగారు గిన్నెని తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నారు.

అప్పుడే కాలనీ వైపు నుంచి అరవై ఏళ్ల మనిషి ఒకామె వచ్చింది.

"ఎవర్నడిగి తవ్వుతన్నారు బాబూ? ఈ ఇల్లు నాది."

"ఊరికే చూస్తున్నాం అమ్మా" అన్నారు మూర్తిగారు.

"ఏటైనా దొరికితే సెప్పండి. మా అమ్మిచ్చిన కంచు గిన్నొకటి ఈ గోడ కిందే పోనాది. మూడు రోజులు ఎతికాను."

"మేకులే దొరికాయి."

నేను నేల చూశాను. ఇరవై ఏళ్లుగా పిల్లలకి చరిత్ర చెబుతున్న మనిషిని, ఆ అబద్ధం సాగనిచ్చాను. ఆమె గోతులన్నీ ఒకసారి చూసి వెనక్కి తిరిగింది. పది అడుగులు వేసి ఉంటుంది. నేను సంచి జిప్పు లాగి గిన్నె బయటికి తీశాను.

మూర్తిగారు నా మణికట్టు పట్టుకున్నారు. "యంత్రం నాది మాస్టారూ. దొరికింది నాకు."

"ఇల్లు ఆమెది. చెయ్యి తియ్యండి."

ఆయన మీద అంత గట్టిగా అరిచింది అదే మొదటిసారి. ఆమె వెనక్కి వచ్చి గిన్నె అందుకుంది. నేను పేరు చదివి చెప్పబోయాను. ఆమెకి అక్కర్లేకపోయింది. బొటనవేలితో చుక్కలు తడిమి, "ఇది నా పేరే. నాకు సదవడం రాదు. మా అమ్మ కొట్టిస్తన్నప్పుడు పక్కనే కూకున్నాను" అంది. తర్వాత మా ఇద్దరినీ చూసింది. ఆ చూపులో కృతజ్ఞత లేదు, ఉండాల్సిన పనీ లేదు.

"ఇళ్లు కూలినప్పుడు ఇటేపు ఒక్కడూ రానేదు. ఇప్పుడు మిసన్లట్టుకొని వస్తన్నారు. గోతులు పూడ్సి ఎల్లండి. మేకలు కాళ్లు ఇరగ్గొట్టుకుంటాయి."

మూర్తిగారు ఆటోలో కూర్చుని ఫోను చూసుకున్నారు. నేను పార అందుకున్నాను. కాసేపటికి సింహాచలం దిగి వచ్చి కాలితో మట్టి నెట్టడం మొదలుపెట్టాడు. "లచ్చమ్మ ఇల్లని నాకు తెల్దా? నన్నడిగుంటే సెప్పీవోడ్ని కదా బాబూ" అన్నాడు. ఆఖరి గొయ్యి పూడేసరికి ఒంటిగంట అయింది. తిరుగు బండిలో మూర్తిగారు ఒక పెట్టె, నేను ఒక పెట్టె. మళ్లీ మాట్లాడుకోలేదు.

ఆయన మీద కోపం ఎలాగూ ఉంది. నా మీద ఉన్నది మాత్రం తగ్గడం లేదు. ఆమె పది అడుగులు వేసేదాకా నేను దేనికోసం ఆగాను? గిన్నె పాతది కాబట్టి చరిత్ర అనుకున్నాను. అందులో అన్నం తిన్న మనిషి నా ఎదుటే నిలబడి అడుగుతోంది. మనుషులు లేచి వెళ్లిన చోటుని ఎవరిదీ కాదనడం మనకి ఎంత సులువో ఆరోజు తెలిసింది.

వెళ్లాలనుకునేవారికి ఒక్క మాట. భూమిలో దొరికిన పాత వస్తువుల గురించి రెవెన్యూ అధికారులకి తెలపాలని చట్టం ఉంది, అది తెలుసుకోండి. అంతకంటే ముందు, ఆటో ఎక్కగానే డ్రైవర్ని ఆ ఇల్లు ఎవరిదని అడిగి, నేరుగా వాళ్ల గుమ్మం ముందు ఆపమనండి. వాళ్లు వద్దంటే అదే ఆటోలో స్టేషనుకి తిరిగి రండి.