మా బాపు చెయ్యి

గంగారాంను నేను మొదటిసారి చూసింది పేరెంట్స్ మీటింగులో. ఆయన కూతురి చదువు గురించి పావుగంట సేపు ఏకధాటిగా మాట్లాడాను. ప్రతి మాటకీ తలూపాడు. నవ్వాల్సిన చోట నవ్వాడు, కాకపోతే ఒక్క క్షణం ఆలస్యంగా. సూరత్‌లో ఇంత శ్రద్ధగా నా మాట విన్న తండ్రి ఇంకొకడు లేడనుకున్నాను. ఆయనకు ఒక్క ముక్క కూడా వినబడలేదని నాకు తెలియడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ముందు నా సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇందులో తప్పు చేసింది నేనే. నా పేరు అనంతలక్ష్మి. మాది అమలాపురం దగ్గర. మా ఆయన సూరత్ పక్కన హజీరాలో ఇంజనీరు. ఇంట్లో ఖాళీగా కూర్చోవడం నా వల్ల కాక పాండేసర దగ్గర ఒక తెలుగు మీడియం బడిలో టీచరుగా చేరాను. మా పిల్లలంతా సాంచాలు నడిపేవాళ్ల పిల్లలు. మరమగ్గాన్ని వాళ్లు సాంచా అంటారు. ఇంట్లో తెలంగాణ తెలుగు, గల్లీలో హిందీ, కొట్లో గుజరాతీ, పుస్తకంలో ఇంకో తెలుగు. అన్నీ గడగడా మాట్లాడతారు, సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే మాత్రం దిక్కులు చూస్తారు. వ్యాసమంటే వాళ్లకు గైడు చూసి దించడమే.

'నాన్న' గురించి రాయమంటే గంగారాం కూతురు హారతి, ఎనిమిదో తరగతి పిల్ల, ఇలా రాసింది: "తండ్రి కుటుంబమనే నావకు చుక్కాని వంటివాడు. ఆయన మాట మనకు శిరోధార్యం." ఒక్క అక్షరం తప్పు పోలేదు. నాకు ఒళ్లు మండింది.

"మీ నాన్న చుక్కానేమిటే? ఎప్పుడైనా పడవెక్కాడా?" అన్నాను.

"ఎక్కలే టీచర్. రైలెక్కిండు," అంది హారతి.

క్లాసంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ రెండు మాటల్లో ఉన్న నాన్న, ఆ వ్యాసంలో ఎందుకు లేడు? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ వారమే పిల్లల కోసం ఒక బ్లాగు మొదలుపెట్టాను.

బడిలో ఒక పాత కంప్యూటరు, నా ఫోను, అంతే మా సరంజామా. వారానికి ఒక్కొక్కరు ఒక్కొక్క పేజీ. నియమాలు రెండే. మీ కళ్లతో చూడనిది రాయకూడదు. ప్రతి రాత కింద నేనొక ప్రశ్న అడుగుతాను, దానికి జవాబు రాయాలి. మీ ఇంటి భాషలో రాసినా నేను దిద్దను, అన్నాను. అనుమతి కాగితాల మీద తల్లిదండ్రుల సంతకాలు కూడా తీసుకున్నాను. హారతి కాగితం మీద వాళ్లమ్మ ఎల్లవ్వ వేలిముద్ర ఉంది. అన్నీ పద్ధతిగా చేశానన్న గర్వం నాకుండేది.

మొదటి నెల ఏడిపించారు. తర్వాత దారిలో పడ్డారు. చీరల మీద వాళ్లమ్మ మెరుపు రాళ్లు అంటిస్తుంటే ఒక రాయి పప్పులో పడి పంటి కిందకొచ్చిన సంగతి ఒకడు రాశాడు. ఒకళ్లది ఒకళ్లు చదువుకుని, నాదీ అచ్చయ్యిందని ఇంటికి పరుగెత్తేవాళ్లు. పుస్తకంలో పాఠం చెబుతుంటే, "టీచర్, గీ మాట నా పేజీల పెట్టుకోవచ్చా?" అని అడిగేవాళ్లు. ఏ టీచరుకీ దక్కని అదృష్టం నాకు దక్కిందనుకున్నాను.

అందరికంటే హారతే బాగా రాసేది. గంగారాం జీవితం గురించి నాకు తెలిసిందంతా ఆ పిల్ల రాతల్లోనే తెలిసింది. ఆయనది కోరుట్ల దగ్గర పల్లె. పదహారో ఏట మేనమామ వెంట రైలెక్కి వచ్చాడు. ఇక్కడ బమ్రోలిలో పదిమంది ఒకే గదిలో ఉండేవారు, ఒక షిఫ్టు వాళ్లు లేచిన పరుపు మీద ఇంకో షిఫ్టు వాళ్లు పడుకునేవారు. బడి ముఖం చూడలేదు. కానీ తెగిన పోగును కళ్లు మూసుకుని అతకగలడు. పెళ్లయ్యాక ఎల్లవ్వను తెచ్చుకుని వేరే గది తీసుకున్నాడు. ఒక ఏడాది గణపతి నిమజ్జనంలో బ్యాండువాళ్లు పక్క నుంచే పోతుంటే, "ఏందిరా, ఈసారి బ్యాండు పెట్టలేదా?" అని అడిగాడట. అందరూ జోకనుకుని నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఇంటికొచ్చి ఎల్లవ్వతో చెప్పి ఏడ్చాడు. సాంచాల మోత ఇరవై నాలుగేళ్లలో ఆయన చెవుల్ని దాదాపు పూర్తిగా తినేసింది.

ఆ సంగతి బయటపడింది జులైలో హారతి రాసిన పేజీలో. దాని పేరు 'మా బాపు చెయ్యి'. ఆదివారం టిఫిన్ డబ్బా ఇవ్వడానికి కార్ఖానాకు వెళ్లి, అమ్మ ఫోనుతో బాపు చేతిని ఫొటో తీసి పైన పెట్టింది. కింద ఇలా రాసింది:

"మా బాపు పన్నెండు సాంచాలు నడుపుతడు. ఆయనకు చెవులు ఇనరావు. ఒక్కొక్క సాంచ మీద అరచెయ్యి పెట్టి చూస్తడు. మంచిగ నడిస్తె ఒక తీరుగ అదురుతదట. పోగు తెగేముందు ఆ అదురు మారుతదట. నేను గూడ చెయ్యి పెట్టి చూసిన. నాకు అన్ని ఒక్క తీరుగనే ఉన్నయ్. బాపు నవ్విండు. ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు గూడ ఆయన చెయ్యి కంచం మీద అదురుతనే ఉంటది."

నేను దాన్ని మూడుసార్లు చదివాను. మా ఆయన్ని పిలిచి చదివి వినిపించాను. కళ్లు తుడుచుకుని, నియమం ప్రకారం కింద ప్రశ్న రాశాను: "చాలా బాగుంది హారతీ! మరి మీ నాన్నగారికి వినబడదని కార్ఖానాలో ఎవరికీ తెలియదా? ఎలా దాచగలిగారు?"

మర్నాడు జవాబు వచ్చింది: "తెల్వదు టీచర్. లోపట ఎవ్వలకూ ఏం ఇనరాదు. అందరు చేతులతోనే మాట్లాడుకుంటరు. అందుకే తెల్వలే. తెలిస్తె తీసేస్తరు."

తెలిస్తే తీసేస్తారు. పదమూడేళ్ల పిల్ల అంత స్పష్టంగా చెప్పింది. నేను దాన్ని ఒక మంచి వాక్యంగా చదివాను. భయంగా చదవలేదు. కింద ఏం రాశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది: "ఈ మాటలు అద్భుతం! వీటిని జవాబులో దాచకు, వ్యాసంలోనే కలుపు."

కలిపింది. చెప్పిన మాట వినే పిల్ల.

ఆగస్టు చివర తెలుగు భాషా దినోత్సవానికి తెలుగు సంఘం హాలులో ఆ పేజీని నేనే చదివాను. గంగారాం మొదటి వరసలో కూర్చుని, అందరూ చప్పట్లు కొట్టాక తనూ కొట్టాడు. హారతి మాత్రం తల వంచుకునే ఉంది. సిగ్గుపడుతోందనుకున్నాను. ఇంటికొచ్చి ఆ లింకును ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాను. మా పిల్లల తెలుగు చూడండి అని కూడా రాశాను. ఆ గ్రూపుల్లో ఎవరుంటారు? సాంచాలు నడిపేవాళ్లు, వాళ్ల మీద అజమాయిషీ చేసే మాస్టర్లు. నాలుగు రోజులకు గంగారాం పని పోయింది.

ఆయన కార్ఖానా మాస్టర్ రాజమౌళి. ఆయనదీ కోరుట్ల వైపే. విషయం తెలిసి నేను మండిపడుతూ వెళ్లాను. సొంత ఊరివాడి పొట్ట కొడతారా అని అడిగాను. ఆయన కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, అప్పుడు మాట్లాడాడు.

"నేనేం జేయాలె టీచర్? చదివినంక చదవలేదనాల్నా? రేపు సాంచ బెల్టు తెగి ఎవడన్న ఒర్రితె ఆయనకు ఇనస్తదా? పాణం పోతె సేఠ్ నన్నే పట్టుకుంటడు. నాకు ముందు నుంచి జర అనుమానముండె. అనుమానమున్నన్ని రోజులు గమ్మునున్న. మీరు రాపిచ్చి అందరికి పంపితిరి. ఇగ నేను తెల్వనట్టు ఎట్లుండాలె?"

ఆయన మీద ఎంత కోపంతో వెళ్లానో, అంతా నా మీదకే తిరిగింది. వేరే కార్ఖానాలో చూడండి అంటే తలడ్డంగా ఊపాడు. ఆ లింకు చేరని మాస్టర్ పాండేసరలో లేడు.

తండ్రి పని పోయినప్పటి నుంచి హారతి బ్లాగుకు ఏమీ ఇవ్వలేదు. అడిగితే, "ఏం తోస్తలేదు టీచర్," అంది. నేను మరి అడగలేదు. క్షమాపణ చెప్పుకోవాలని మూడోవారం బమ్రోలిలో వాళ్ల గదికి వెళ్లాను.

ఎల్లవ్వ నేల మీద చీర పరుచుకుని రాళ్లు అంటిస్తోంది. నన్ను చూసి, "రా టీచర్, కూసో," అని పీట జరిపింది, మళ్లీ తల వంచి పనిలో పడింది. గంగారాం గోడకానుకుని కూర్చున్నాడు. ఒక అరచెయ్యి గోడకు ఆనించి ఉంది. పక్కనే ఒక చిన్న కార్ఖానా, దాని మోతకు గోడంతా సన్నగా అదురుతోంది. నన్ను చూడగానే లేచి నిలబడి, చెవులు వినబడనివాళ్ల గొంతుతో గట్టిగా, "దండాలు టీచరమ్మా! పక్క కార్ఖానాల ఒక సాంచ సక్కగ నడుస్తలేదు. వాళ్లకింక తెల్వలే," అన్నాడు.

గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. హారతి పేజీ ప్రింటు. ఆయన చదవలేడు. అందులో ఉన్న తన చేతి ఫొటోను వేలితో చూపించి గర్వంగా నవ్వాడు.

ఆయనకేం తెలియదని నాకప్పుడు అర్థమైంది. సేఠ్ ఏదో అన్నాడు, ఈయన తలూపి వచ్చేశాడు. ఊళ్లో అందరికీ తెలుసు, కానీ ఆయనకు చెప్పాలంటే చెవిలో నోరు పెట్టి గల్లీ అంతా వినేలా అరవాలి. ఆ మాటను అరిచే మనసు ఎవరికీ రాలేదు. చేతులతో చెబుదామన్నా, సాంచాల దగ్గర సైగలు ఎన్నున్నాయి? నూలు కండె అయిపోయింది, చాయ్ వచ్చింది, సేఠ్ వస్తున్నాడు. నీ కూతురి రాత చదివి నిన్ను తీసేశారనడానికి సైగ లేదు. ఆయనకు పూర్తిగా అర్థమయ్యేది హారతి పెదాల కదలిక ఒక్కటే.

"హారతీ, మీ నాన్నగారికి చెప్పు. తప్పు నాదని, నన్ను క్షమించమని అడిగానని చెప్పు," అన్నాను.

హారతి తండ్రికి ఎదురుగా కూర్చుని, పెదాలు నిదానంగా కదిలిస్తూ చెప్పింది: "బాపు, నేను మంచిగ రాస్తున్నని చెప్పుటానికొచ్చింది టీచర్."

ఎల్లవ్వ చేతులు ఆగాయి. గంగారాం ముఖం వెలిగిపోయింది.

"నాకెరుకే టీచరమ్మా! కార్ఖానాల గిరాకి లేక ఇంట్ల కూసున్నగని, రోజు పొద్దుగూకంగ నా బిడ్డ నా పక్కకు కూసోని రాస్తది. నేను చూస్తనే ఉంట. ఏయ్, తే, టీచరమ్మకు చూపియ్యి!"

హారతి కదల్లేదు. ఆయనే లేచి, హారతి బడి సంచిలోంచి నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టాడు. తెరిచాను. మొదటి పేజీ: "తండ్రి కుటుంబమనే నావకు చుక్కాని వంటివాడు. ఆయన మాట మనకు శిరోధార్యం." తిప్పాను. రెండో పేజీలోనూ అదే. మూడో పేజీలోనూ అదే. గుండ్రటి అక్షరాలతో, తేదీలు వేసి, సగం పుస్తకం అదే వ్యాసం.

తలెత్తి చూశాను. హారతి కళ్లనిండా నీళ్లున్నాయి, కానీ తండ్రికి కనబడకుండా ముఖం తలుపు వైపు తిప్పుకుంది. ఏం చూసినా రాయండని చెప్పింది నేనే. ఇప్పుడు ఆ పిల్ల ఏమీ చూడకుండా రాస్తోంది, బాపుకు మళ్లీ ఏ ఆపదా రాకుండా. నాకు ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా నాకు హక్కు లేదనిపించింది.

గంగారాం తన జేబులోంచి పెన్ను తీసి నాకిచ్చి, పుస్తకం వైపు చూపించాడు. దిద్దమన్నట్టు.

పేజీ పేజీ తిప్పాను. ఎక్కడా ఒక్క తప్పు లేదు. అన్ని పేజీల కిందా టిక్కు పెట్టి, సంతకం చేసి ఇచ్చాను.