చుక్క తరవాతి అంకె

నిన్న మా ఊరి అంగన్‌వాడీలో రక్తపరీక్షలు పెట్టారు. దూదికి అద్దిన స్పిరిటు వాసన ముక్కుకు తగిలిందో లేదో, కామేశం గారు కళ్ళముందు నిలబడ్డారు. ఆయన మీకెవరికీ తెలియదు. పలాసలో చిన్న ల్యాబు నడిపేవారు. జీడిపిక్కలు కొట్టి కొట్టి, ఆ జీడి రసం అంటి నా చేతులు కాలిపోయాక, ఆ ల్యాబులో ఊడ్చే పనికి కుదిరాను. "మంట పని మానేసి సూది పనికి వచ్చావా? ఇక్కడ ఏడ్చేది నువ్వు కాదులే, వచ్చినవాళ్ళు" అని మొదటిరోజే నవ్వించారు.

కంప్యూటరును ఆయన ఇంకెవరినీ ముట్టనిచ్చేవారు కాదు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అంతే. బొమ్మలూ రంగులూ ఉండవు. షెల్ స్క్రిప్టంటే చెయ్యవలసిన పనులు వరసగా రాసిపెట్టడమేనని, రాసింది రాసినట్టు అది ఎన్నిసార్లయినా చేస్తుందని చెప్పేవారు. మా ఉద్దానంలో కిడ్నీల జబ్బు ఎంతమందిని తినేసిందో తెలిసిందే కదా. ఊరూరా తిరిగి రక్తం తెచ్చేవారు. కిడ్నీలు పాడయ్యేకొద్దీ పెరిగే క్రియాటినిన్ అనే అంకె ఒకటి పాయింటు మూడు దాటినవాళ్ళ పేర్లు ఆయన రాసిన స్క్రిప్టు ఏరి ఇవ్వాలి. వాళ్ళకు ఫోన్ వెళ్తుంది. ఫోన్ రాలేదంటే బాగున్నట్టే.

ఒక మధ్యాహ్నం ఆయన ఆ తెరతో దెబ్బలాడుతున్నారు.

"ఏటి బాబూ, అలా సిరాకు పడతన్నారు?"

"దీనికి దశాంశాలు అక్కర్లేదట నీలమ్మా. చుక్క కనబడితే చాలు, తప్పంటోంది. గుండు జీడిపప్పే తప్ప ముక్క ముట్టని షావుకారు ఉంటాడే, అలా ఉంది దీని యవ్వారం."

కాసేపటికి కుర్చీలో వెనక్కి వాలారు. "చుక్క దగ్గర తోక కోసేశాను. నోరు మూసుకుంది."

ఇద్దరం నవ్వుకున్నాం. టీ తెమ్మంటే వెళ్ళి తెచ్చాను. అంత మామూలు మధ్యాహ్నం అది.

ఆ నెలలోనే మా ఆయనా రక్తమిచ్చాడు. కొబ్బరిచెట్లెక్కే మనిషి. ఒళ్ళునొప్పులని మందుల కొట్లో బిళ్ళలు కొని మింగేవాడు. మా వైపు అందరిదీ అదే అలవాటు. ఫోన్ వచ్చుంటే డాక్టరు ముందుగా, కిడ్నీలకు చేటని, ఆ బిళ్ళలే మాన్పించేవాడు. రాలేదు.

"సూసినావా, మీ బాబు నన్ను పిలవనేదు. గుర్రంలాగున్నాను" అని నన్ను ఆటపట్టించాడు.

"గుర్రానికి బిళ్ళలెందుకు మావా?"

"సెట్టెక్కి సూడు, తెలుత్తది" అని బిళ్ళ మింగాడు.

మరుసటేడు పాదాలు పొంగాయి. నేనే ల్యాబుకు తీసుకెళ్ళాను. వచ్చిన అంకె చూసి కామేశం గారు నిరుటిది మిషనులో వెతికారు. ఒకటి పాయింటు తొమ్మిది. అప్పటికే హద్దు దాటి ఉంది. ఆ అంకెను మళ్ళీ స్క్రిప్టుకు ఇచ్చి చూశారు. అది ఉలకలేదు, పలకలేదు.

"ఒకటి పాయింటు తొమ్మిదికి తోక కోస్తే ఒకటి. హద్దు ఒకటి పాయింటు మూడు, దానికీ కోస్తే ఒకటే. ఒకటి ఒకటిని దాటుతుందా?" అన్నారు. ఆ అడగడం నన్ను కాదు.

బీసీ అనే లెక్కల ప్రోగ్రాము ఆ మిషనులోనే ఉందట. చుక్కల లెక్కలు దానికి వచ్చునట. ఒక్క వరుస మార్చి, లెక్కను దాని చేతికి అప్పగించారు. మా ఆయన పేరు తెర మీదికి వచ్చేసింది. "ఇంత సులువు" అని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

పాత అంకెలన్నీ మళ్ళీ ఆడిస్తే తప్పిపోయిన పేర్లు ఇంకొన్ని బయటపడ్డాయి. ఇలాంటిది ఫోన్లో చెప్పకూడదని స్కూటరు మీద కంచిలి దాకా ఇల్లిల్లూ తిరిగారు. మా గడపలోకీ వచ్చారు. లేవబోతున్న మా ఆయనను వద్దని కూర్చోబెట్టి, తోక కోసిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పారు.

"మీరు సెప్పకపోతే మాకు తెలిసీదేటి బాబూ?" అన్నాడు మా ఆయన.

"తెలిసేది కాదు. అందుకే వచ్చాను."

"నిరుడే తెలిస్తే బాగైపోదునేటి?"

"అది నేను చెప్పలేను. బిళ్ళలు మాత్రం మానేసేవాడివి."

మా ఆయన నాకేసి తిరిగి "ఒలే, బాబుకి నీల్లియ్యే" అన్నాడు. మా బోరు నీళ్ళంటే పైఊరివాళ్ళకు భయం, జబ్బు అందులోనే ఉందంటారు. కామేశం గారు గ్లాసు ఖాళీ చేసి గాని కింద పెట్టలేదు.

డయాలసిస్ మీద కొన్నాళ్ళు లాగి మా ఆయన పోయాడు. తప్పు తనే చెప్పుకున్న మనిషి దగ్గరికి జనం వెళ్తారా? ల్యాబు మూతపడింది. కామేశం గారు ఇచ్ఛాపురంలో చెల్లెలింటికి వెళ్ళిపోయారు. అక్కడే పోయారని చాన్నాళ్ళకు ఎవరో చెప్పారు. ఆయన మీద కోపం లేదని అంటే అబద్ధం. ఆ కోపంతోనే ఒక్కసారి చూసి, మా ఆయన సంగతి ఆయనతో మాట్లాడాలనీ ఉండేది. ఆ గొడవ అర్థమయ్యే మనిషి నాకు ఇంకెవరున్నారు?

నిన్న పక్కింటి కోడలికి తోడు వెళ్ళాను. ఆమెదీ నిత్యం బిళ్ళలు మింగే ఒళ్ళే. బల్ల దగ్గరి అమ్మాయి కాగితం చూసి "క్రియాటినిన్ ఒకటే పిన్నీ, పర్లేదు. తరవాత ఎవరు?" అంది.

"ఒకటి పక్కని ఏటుంది?"

"చుక్కుంది."

"సుక్క తరవాత?"

"ఓలమ్మ, ఈ ముసిల్దానికి లెక్కలు కావాల" అని వెనక వరసలో ఎవరో నవ్వారు. నేను బల్ల వదల్లేదు. ఆ అమ్మాయి విసుక్కుంటూనే, మడత పెట్టిన కాగితం మళ్ళీ విప్పింది.