రాజన్న ఎగ్జిట్, నా అనుమాన ప్రమాణం

మొన్న శుక్రవారం నా తెలివితేటల పరువు పన్నెండు మంది ముందు పోయింది. దాని పేరు మీద కేకు కూడా కోశాం. ఎలాగో వినండి.

నేను రియాద్‌లో ఏసీ మెకానిక్‌ని. దూరవిద్యలో డిగ్రీ కట్టాను, ఈసారి పేపరు తత్వశాస్త్ర పరిచయం. పుస్తకం తెరిచిన రోజు నుంచి మేముండే కంపెనీ క్యాంపులో నన్ను పట్టేవాళ్లు లేరు. తర్కశాస్త్రంలో అనుమానం అని ఒకటుంది. మొగుడూ పెళ్లాల మధ్య ఉండే అనుమానం కాదు! తెలిసినదాన్ని బట్టి తెలియనిది తేల్చుకోవడం. పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని చెప్పడం లాంటిది. అది చదివాక నాకు ఎటు చూసినా పొగే.

మా రూంలో ఎదురు మంచం రాజన్నది. జగిత్యాల వైపు మనిషి, ప్లంబరు, ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్లు. సోమవారం కొత్త డ్యూటీ లిస్టులో ఆయన పేరు లేదు. ఏంటని మా పాకిస్తానీ ఫోర్‌మన్‌ని అడిగితే, ఫోన్‌లో మాట్లాడుతూనే "రాజన్న? ఎగ్జిట్ పందరా" అనేసి మళ్లీ ఫోన్‌లో పడ్డాడు.

నేను లిస్టు వదిలేసి వేళ్ల మీద లెక్కేశా. మా దగ్గర ఎగ్జిట్ అంటే దేశం విడిచే వీసా కొట్టించుకుని ఇక తిరిగి రాకుండా ఇంటికి పోవడం. పందరా అంటే పదిహేను. పదిహేనో తారీకు ఈ శనివారమే!

అయినా తొందరపడలేదు. విన్నది ఒక్కటే చాలదు, కళ్లతో చూసింది కూడా ఉండాలి కదా. రూంకి వచ్చి చూస్తే రాజన్న అట్టపెట్టెకు తాడు బిగిస్తున్నాడు. నన్ను చూసి తన కుక్కర్ నా మంచం కిందికి తోసి, ఇక నువ్వే వాడుకో అన్నాడు. సామాను కట్టి, గిన్నెలు పంచేవాడు ఎగ్జిట్ పోయేవాడు కాక మరెవరు? తేలిపోయింది.

ఆయన్నే అడగొచ్చు కదా అంటారా? నాతో చెప్పలేదని ముందు కోపమొచ్చింది. కానీ అదే పుస్తకంలో నీతిశాస్త్రమనే ఇంకో శాఖ ఉంది. చెప్పలేక దాచుకున్న మనిషిని గుచ్చి గుచ్చి అడగడం నీతి కాదని నాకు నేనే తీర్పిచ్చుకున్నా. రెండు శాఖలూ ఒకేసారి వాడితే ఇంతే సంగతులు.

శుక్రవారం మధ్యాహ్నం అందరినీ పిలిచి చికెన్ వండించా. బేకరీలో కేకు మీద "హ్యాపీ జర్నీ రాజన్న" అని రాయించా. రాజన్న కేకును చూశాడు, మమ్మల్ని చూశాడు, వచ్చి కేకు ముందు కూర్చున్నాడు. నేను లేచి స్పీచ్ మొదలుపెట్టా. కొత్తగా వచ్చినప్పుడు బాత్రూంలో నల్లా తిప్పుకుని, చప్పుడు వినపడకుండా ఏడ్చేవాణ్ని. ఒకరోజు బయటి నుంచి రాజన్న, "ఏడుస్తె ఏడువు తమ్మీ, నల్లా బంద్ జెయ్. నీళ్లు వోతున్నయ్" అన్నాడు. బయటికొచ్చేసరికి నాకు అన్నం పెట్టి ఉంది. అదంతా చెప్పా. నువ్వు లేకపోతే ఆ నెలలోనే నేను పారిపోయేవాణ్నన్నా అని అందరి ముందూ ఏడ్చేశాను.

మూల నుంచి ఒకాయన ముక్కు తుడుచుకుంటూ ఫ్లైటు ఎన్నింటికని అడిగాడు.

"ఫ్లైటా? రేపు పొద్దుగాల కంపెనీ బస్సు ఒస్తది" అన్నాడు రాజన్న. "ఎగ్జిట్ పదిహేనుల కొత్త బిల్డింగుల పనున్నది. ఇగ ఆడనే క్యాంపు. మెస్సు సుత ఉన్నదట, గందుకే కుక్కర్ ఇచ్చిన."

రియాద్ రింగు రోడ్డు దిగే దారులకు నంబర్లుంటాయి. ఊళ్లో ఎక్కడికి పోవాలన్నా అందరూ ఆ నంబరే చెబుతారు. ఎగ్జిట్ పదిహేను బోర్డు కింద నుంచి నేను రోజూ పోతా, రోజూ వస్తా! అరగంట ప్రయాణానికి హ్యాపీ జర్నీ కేకు! ఒకే మాటకు రెండు అర్థాలుంటే తర్కం బోల్తా పడుతుందని పుస్తకంలో ఒక పాఠమే ఉంది. అది మూడో యూనిట్. నేనింకా రెండులోనే ఉన్నా.

రూమంతా నవ్వులే నవ్వులు. అందరూ పోయాక రాజన్నను అడిగా, ముందే ఆపొచ్చు కదన్నా అని. ఆయన ప్లేట్లన్నీ ఒకదాని మీద ఒకటి పేరుస్తూ చెప్పాడు.

"ఇరువై ఏండ్లాయె. నల్లా కారుతున్నది రాజన్నా, పైపు పలిగింది రాజన్నా, గివ్వే ఇన్న. నా గురించి గింత మంచిగ ఎవ్వలు జెప్పలే. నడుమ ఆపబుద్ధి గాలే తమ్మీ."

మిగిలిన కేకు ముక్క ఆయన చేతిలో పెట్టా. ఆయన నవ్వి, అసలు ఎగ్జిట్ పోయే రోజు ఇంతకన్నా బాగా చెప్పాలని, ఇప్పటి నుంచే రాసిపెట్టుకోమని ఆర్డరేశాడు.

ఆయన వెళ్లి నాలుగు రోజులైంది. కాగితం మీద "రాజన్న" అని రాసి ఆగిపోయా. ఉన్నదంతా మొన్ననే వాడేశాను మరి!