ముల్లు మీటరు గణపతిరావు

కోటబొమ్మాళి చుట్టుపక్కల ఏ పొలంలో మోటారు మూలిగినా పిలుపు గణపతిరావుకే వెళ్తుంది. మాది కరెంటు సామాన్ల కొట్టు. అతను నా దగ్గర కొనేది తక్కువ, బల్ల మీద కూర్చుని కబుర్లాడేది ఎక్కువ. నోరు పెద్దది. "నన్ను మించిన మెకానిక్కు ఉంటే సూపించు సావుకారా" అంటాడు, అదీ కొట్టు నిండా జనం ఉన్నప్పుడే.

అతని సంచిలో రెండు మీటర్లుంటాయి. ఒకటి ముల్లుది, పాతది. రెండోది అంకెలది, నేనే బతిమాలి అంటగట్టాను. ముల్లుదంటే అతనికి ప్రాణం. అంకెల మీటరుని దేనికీ తగిలించని ఉత్తి తీగ మీద పెట్టినా, పక్క తీగల ప్రభావానికి ఎనభయ్యో తొంభయ్యో వోల్టులు చూపించి కంగారు పెడుతుంది. ముల్లు అలాంటివాటికి పెద్దగా కదలదు. "అంకెలది సాడీలు మోస్తాది సావుకారా, ముల్లు మొయ్యదు" అంటాడు. సరిగ్గా ఎన్ని వోల్టులో తేలాలంటే మాత్రం గుట్టుగా అంకెలదే తీస్తాడు. నేను చూడనట్టు ఊరుకుంటాను.

అతను కొలిచే తీరు చూసి తీరాలి. కాళ్లకి చెప్పులుండాల్సిందే. మీటరు తీగలకు గాట్లేమైనా ఉన్నాయేమో చూస్తాడు. మీటని ముందు పెద్ద అంకె మీద పెట్టి, తర్వాతే దించుతాడు. నల్ల తీగని ఎర్తుకి క్లిప్పుతో తగిలించేసి, ఎర్ర తీగ ఒక్కటే కుడిచేత్తో పట్టుకుంటాడు. ఎడమచెయ్యి నడుము వెనక్కి పోతుంది. రెండు చేతులూ పెడితే కరెంటు గుండె మీదుగా దారి చూసుకుంటుందని అతని భయం, నిజమే కూడా. లుంగీ కట్టుకుని అలా నిలబడితే, తెలియనివాళ్లు ఫొటో దిగుతున్నాడనుకుంటారు.

ఇక అసలు చాదస్తం ఒకటుంది. కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి ముందు మీటరునే పరీక్ష చేస్తాడు. తర్వాత పనిచోట కొలుస్తాడు. మళ్లీ వెనక్కొచ్చి, తెలిసిన చోటే ఇంకోసారి పెడతాడు. "మీటరుకి ముందూ ఎనకా దండాలేటి బావా?" అని దేవేంద్ర పడీపడీ నవ్వేవాడు. దేవేంద్ర అతని చెల్లెలు ఈశ్వరి మొగుడు, రైతు, తొందరకి మారుపేరు. కరెంటు ఉందో లేదో వేళ్ల వెనకభాగం తాకించి చూసే రకం.

మొన్న జూన్‌లో వాన మొహం చాటేసింది. దేవేంద్ర నారుమడి పసుపెక్కుతోంది. సరిగ్గా అప్పుడే మోటారు స్టార్టరు లోపల మాడిపోయింది. అందులోకి కావలసిన సామాను నా కొట్లోదే కాబట్టి, అది పట్టుకుని నేనూ వాళ్లతో పొలానికి వెళ్లాను.

"మెయిను దించేసినాను. వేగిరం కానీ బావా, నారు సచ్చిపోతన్నాది" అన్నాడు దేవేంద్ర.

ఆ తొందర గణపతిరావుకీ అంటుకుంది. ముందు దండం ఎగ్గొట్టి, ముల్లు మీటరు తీసి నేరుగా స్టార్టరులోనే పెట్టాడు. కరెంటు వచ్చే మూడు చోట్లా ఎర్ర తీగ ఆనించాడు. ముల్లు లేవలేదు. దేవేంద్ర స్టార్టరు ముందు కూర్చుని, మాడిన తీగ లాగడానికి సిద్ధమైపోయాడు.

"ఉండు బావా, ఎనకటి దండం ఇంకా ఉన్నాది" అన్నాడు గణపతిరావు.

"ఇంకేటుండడం? ముల్లు సెప్పేసింది కదా!"

షెడ్డులో బల్బు వెలుగుతోంది. మెయిను దించినా దానికి కరెంటు ఆగదు, అంతకు ముందే లైను తీసుకున్నారు. గణపతిరావు ఆ బల్బు పక్కనున్న ప్లగ్గులో మీటరు పెట్టాడు. బల్బు వెలుగుతూనే ఉంది. ముల్లు పడుకునే ఉంది.

"సెయ్యి తియ్యెహె!"

ఆ కేకకి నా చేతిలో సామాను జారిపోయింది. దేవేంద్ర వేళ్లు తీగకి జానెడు దూరం కూడా లేవు. అక్కడే ఆగిపోయాయి.

చూస్తే మీట డీసీ మీద, అంటే బ్యాటరీ కరెంటు కొలిచే చోట ఉంది. పొద్దున్న ఎవరిదో ట్రాక్టరు బ్యాటరీ కొలిచి, తిప్పడం మరిచిపోయాడు. డీసీ మీద ఉంచి లైను కరెంటు కొలిస్తే ముల్లుకి అది కనబడదు. ఏసీకి తిప్పి, ప్లగ్గులో సరిచూసుకుని, మళ్లీ స్టార్టరులో ఆనించాడు. రెండు చోట్ల పడుకున్న ముల్లు మూడో చోట రెండొందల ముప్పై దాటింది. మెయిను పిడి కిందికి దిగింది గాని, లోపల ఒక రేకు విరిగి పైనే ఉండిపోయినట్టుంది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరే ఆపించమని నేను లైన్‌మన్‌కి ఫోను చేశాను.

గణపతిరావు గొప్పలేవీ చెప్పుకోలేదు. మీటరు కింద పెట్టి, దేవేంద్ర కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "తప్పు నాదే బావా. ఈశ్వరికి ఏటి సెప్పుదును నాను?" అన్నాడు. అంత నోరున్న మనిషి ఏడవడం నేను చూడ్డం అదే మొదలు.

దేవేంద్ర చెయ్యి లాక్కోలేదు. షెడ్డు గుమ్మంలోంచి పచ్చదనం పోయిన మడి వైపు ఒకసారి చూశాడు.

"లైన్‌మన్‌ని రానీ బావా. నారు ఎండిపోతే ఎండిపోనీ" అన్నాడు. "మల్లీ సల్లుకుందుం."